గుగ్గిలం పట్టిన ఎక్స్ఛేంజి

కరకపుట్టు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నీలవేణి చేసే ఉద్యోగానికి కాగితం మీద ఒక పేరుంది: పార్ట్ టైం స్వీపరు. ఆ కాగితం రాసిన మహానుభావుడు ఎన్నడూ కరకపుట్టు వచ్చి ఉండడు. పొద్దున్నే తాళం తీసేది ఆమె. గదులు ఊడ్చి తడిగుడ్డ పెట్టేది ఆమె. బ్యాటరీల్లో నీళ్ళు తగ్గితే గీత దాకా కొలిచి పోసేది ఆమె. ఎనిమిదింటికి, పన్నెండింటికి, నాలుగింటికి మీటర్లో ముల్లు ఎక్కడుందో చూసి పుస్తకంలో అంకె వేసేదీ ఆమే. పార్ట్ టైం అనే మాటలో ఎంత టైముందో ఆమెను చూశాకే తెలిసేది.

అరకు దాటాక పన్నెండు కిలోమీటర్లు పోతే కరకపుట్టు. ఆఖరి ఎత్తు నిలువుగా ఉంటుంది. తొంభై మూడులో ఎక్స్ఛేంజి సామాను తెచ్చిన లారీ వానకు ఆ ఎత్తు కింద కూరుకుపోయింది. పెద్ద పెట్టెలను మగవాళ్ళు కర్రలు కట్టి మోశారు. ఇరవై నాలుగు బ్యాటరీలు ఆడవాళ్ళ వంతుకు వచ్చాయి. అప్పటికి నీలవేణికి ఇరవై రెండేళ్ళు, పెళ్ళయి ఏడాది. తలమీద చుట్టకుదురు పెట్టుకుని ఆరు బ్యాటరీలు ఆరు విడతల్లో పైకి చేర్చింది. ఒకదాంట్లోంచి యాసిడ్ కారి కొంగుకు చిల్లులు పడ్డాయి. ఇంకొకరైతే ఏడ్చేవారు. ఆమె ఆ చిల్లుల కొంగును ఊరంతా తిప్పి చూపించి మురిసిపోయింది.

యంత్రాన్ని బిగించడానికి వచ్చిన మేస్త్రీ ఓపికమంతుడు. "ముట్టుకోకమ్మా" అని ఊరుకోకుండా, ఈమె అడిగిందానికల్లా జవాబు చెప్పాడు. బయట కరెంటు వచ్చి పవర్ ప్లాంటులో పడుతుంది, అక్కడ యంత్రానికి పనికొచ్చేలా మారుతుంది, కొంత బ్యాటరీల్లో దాక్కుంటుంది, మిగతాది బీరువాలాంటి ఈ రాక్‌లోకి పోతుంది. పనిచేసే కొద్దీ రాక్‌కు ఒళ్ళు వేడెక్కుతుంది. అందుకే అడుగున ఫ్యాన్లు పెట్టారు, అవి కింద గాలి పీల్చి పైనుంచి వదులుతాయి. దుమ్ము లోపలికి పోకుండా ఫ్యాన్ల ముందు నురగలాంటి జల్లెడ ఉంటుంది. నీలవేణి అన్నీ విని, "అయితే పొయ్యి లెక్కే. కింద గాలాడకపోతే పైన పొగ సుట్టుకుంటాది" అంది. మేస్త్రీ నవ్వి, వెళ్ళేముందు ఊడ్చే పనికి ఆమె పేరే రాయించి వెళ్ళాడు.

పదేళ్ళలో ఆఫీసర్లు వచ్చారు, వెళ్ళారు. ఏజెన్సీ అంటే వాళ్ళకు రావడానికి ఏడుపు, వెళ్ళడానికి పండగ. రెండువేల నాలుగు చివర్లో వరహాలరావు వచ్చాడు. బొబ్బిలి వైపు మనిషి, యాభైకి దగ్గరపడినవాడు, మెత్తనివాడు. ఆయనకు మూడు భయాలు: ఘాటీ మలుపులు, చిరుతపులి, పై ఆఫీసరు. ఈ మూడింటికీ మందు ఒకటే, పూజ. రాక్ ఉన్న గదిలో గోడకు వెంకటేశ్వరస్వామి పటం తగిలించి, శుక్రవారం శుక్రవారం ధూపం వేసి, ధూపపు గిన్నె పట్టుకుని రాక్ చుట్టూ మూడుసార్లు తిరిగేవాడు. దుమ్ము పడుతుందని ఆ గది కిటికీలు ఎలాగూ తెరవరు. పొగ గంటసేపు అక్కడే కాపురముండేది.

మొదట్లో కొట్లో సాంబ్రాణి వాడేవాడు. ఒకరోజు నీలవేణి మొగుడు సోంబరు అడవినించి తెచ్చిన గుగ్గిలం చూశాడు. చెట్టు బంక, తేనెరంగులో, విరిస్తే గాజులా పెళుక్కుమంటుంది. నిప్పుమీద వేస్తే ఆ వాసనకు వరహాలరావు కళ్ళు అరమోడ్పులయ్యాయి.

"ఇది అసలు సరుకు నీలవేణీ! మా ఊళ్ళో అమ్మేదంతా రంపప్పొట్టు. మీ ఆయన్ని వారం వారం తెమ్మను."

"అలాగే సార్. అడివిలో కావలసినంతుంది" అంది నీలవేణి సంతోషంగా. ఆఫీసరుకు తమ అడవి సరుకు నచ్చిందంటే ఎవరికి గొప్పగా ఉండదు?

చలికాలం హాయిగా గడిచింది. మార్చి నెలాఖరున ఒక మధ్యాహ్నం రెండు గంటలకు రాక్ మీద ఎర్రదీపం వెలిగింది, బజర్ మోగింది, కరకపుట్టులో ఉన్న అరవై రెండు ఫోన్లూ ఒక్కసారి మూగబోయాయి. పోలీస్ స్టేషను, ఆసుపత్రి, ఆశ్రమ పాఠశాల, కాఫీ ఆఫీసు, అన్నీ. సాయంత్రం ఐదింటికి వాటంతటవే బతికాయి. మర్నాడు మళ్ళీ రెండింటికి చచ్చాయి, మళ్ళీ ఐదింటికి లేచాయి. ఆసుపత్రి నర్సు వచ్చి, "మధ్యాహ్నం పూట ఎవరికీ నొప్పులు రాకూడదని చాటింపు వేయించమంటారా సార్?" అని అడిగింది.

వరహాలరావు ఏమాత్రం తడుముకోకుండా "కరెంటు" అన్నాడు. అనడంలో తప్పులేదు. ఏజెన్సీలో కరెంటు చుట్టంలాంటిది, ఎప్పుడొస్తుందో ఎప్పుడు లేచిపోతుందో అడక్కూడదు. స్టెబిలైజర్ తెప్పించాడు. ఫ్యూజులు మార్చాడు. బ్యాటరీ తలలకు పట్టిన తెల్లటి పూత గీకించి గ్రీజు రాయించాడు. ఎర్తు సరిగా లేదేమోనని పెరట్లో గొయ్యి తవ్వించి ఉప్పూ బొగ్గూ పోయించాడు, నీలవేణి పది బిందెల నీళ్ళు మోసి ఆ గోతిలో పోసింది. యంత్రం మాత్రం వేళ తప్పలేదు. రెండింటికి పడక, ఐదింటికి లేవడం.

చేయగలిగిందంతా చేశాక మనిషికి మిగిలేది దేవుడే కదా. ధూపం శుక్రవారం నుంచి మంగళ, శుక్రవారాలకు పెరిగింది. తర్వాత రోజూ అయింది. తర్వాత రెండు పూటలు. యంత్రానికి జబ్బు ముదిరేకొద్దీ వరహాలరావు పొగ పెంచాడు. సోంబరు అడవిలో ఇంకో రెండు చెట్లకు గాట్లు పెట్టాడు. ఏప్రిల్ చివరికి ఫోన్లు పన్నెండింటికే పడిపోతున్నాయి.

అప్పుడు విశాఖపట్నం నుంచి ఉత్తరం వచ్చింది. డివిజనల్ ఇంజనీరు హేమలత సంతకం. కరకపుట్టు యంత్రంలో లోపం ఏమిటో నెల దాటినా తేలలేదు కాబట్టి, ఫోన్ల కోసం జనం వరుసలో ఉన్న కింది పట్నానికి దాన్ని తరలిస్తున్నాం. శుక్రవారం లారీతో స్వయంగా వస్తున్నాను. కరకపుట్టుకు వీలునుబట్టి తరవాత చూస్తాం.

వీలునుబట్టి అనే మాటకు ఏజెన్సీలో అందరికీ అర్థం తెలుసు. ఆ సాయంత్రం నీలవేణి ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయింది. యంత్రం పోతే ఊడ్చే గది ఉండదు, ఆమె పని పోతుంది. ఆ మాట నిజమే. కానీ ఆమె బాధ అందుకు కాదు. నెత్తిన మోసి తెచ్చిన దాన్ని, ఏ జబ్బో తెలుసుకోకుండా, బతికుండగానే పట్టుకుపోతారట. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుపు వెనకే కోపమొచ్చింది.

"ఏటలా కలిపేత్తన్నావు? తిను బేగి" అన్నాడు సోంబరు.

"ఆ కరెంటు తప్పు కాదేమో మావా" అంది నీలవేణి. "నా పుస్తకం సూడాల."

మర్నాడు బుధవారం. ఆఫీసరు రాకముందే నీలవేణి తన అంకెల పుస్తకం తీసింది. ఫోన్లు పోయిన రోజులు, పోని రోజులు పక్కపక్కన పెట్టి చూసింది. ఎనిమిదింటికి ముల్లు ఎక్కడుందో, యంత్రం పడిపోయి ఉన్న నాలుగింటికీ అక్కడే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. కరెంటే దొంగైతే ముల్లు దిగాలి కదా? ముల్లు దిగలేదంటే బ్యాటరీలు రాక్‌కు తిండి సరిగానే పెడుతున్నాయి. తిండి అందుతుంటే ఎందుకు పడిపోతున్నట్టు?

పన్నెండు దాటి ఎర్రదీపం వెలగ్గానే, వరహాలరావు ధూపపు గిన్నె కోసం పరుగెత్తాడు. నీలవేణి రాక్ దగ్గరికి వెళ్ళి, పిల్లలకు జ్వరం చూసినట్టు చేతి వెనకవైపు ఆనించింది. కింద చల్లగా ఉంది. నడుము దగ్గర వెచ్చన. పైన పెట్టలేకపోయింది, చురుక్కుమంది. మరి ఫ్యాన్లు తిరగడం లేదా? తిరుగుతున్నాయి, రొద వినిపిస్తూనే ఉంది. ఆమె మూలనున్న కొండచీపురు తీసింది. కొత్త చీపురు, కొసన పూత ఇంకా రాలలేదు, చిన్న ఊపిరికే వణుకుతుంది. ఎత్తిపట్టి రాక్ నెత్తిన గాలి వచ్చే చోట పెట్టింది. పోయినేడాది దుమ్ము దులిపేటప్పుడు ఆ గాలికి పూత ఎగిరి కళ్ళలో పడేది. ఇప్పుడు ఒక్క ఈనె కదల్లేదు.

ఫ్యాను తిరుగుతోంది, గాలి రావడం లేదు. అంటే లోపలికే పోవడం లేదు. నీలవేణి నేలమీద బోర్లా పడుకుని అడుగున ఉన్న జల్లెడ మీద వేలు పెట్టింది. వేలు అంటుకుంది. లాగితే బంకలా సాగింది. వాసన చూసింది. తన ఇంట్లో పొయ్యి మీది అటకకు పట్టిన మసిలాగే జిగురు, దానిమీద తన మొగుడు తెచ్చిన గుగ్గిలం వాసన.

నెలనెలా వాక్యూమ్ మిషన్‌తో జల్లెడ మీద గీస్తూనే ఉన్నారు. అది పైనున్న పొడి దుమ్మును పీల్చేది, జిగురును ఏం చేస్తుంది? కనిపెట్టిన సంతోషం ఆమెకు ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఎందుకంటే గుమ్మంలో ధూపపు గిన్నెతో, కళ్ళు మూసుకుని, గోవిందనామాలు చదువుతూ వరహాలరావు నిలబడి ఉన్నాడు.

"సార్, ఆ గిన్నె కాసేపు బయటెట్టండి. ఒక మాట సెప్పాల."

"పూజ మధ్యలో మాటలేంటి నీలవేణీ?"

"పూజ గురించే సార్. మీరేసిన పొగ గదిలోనే తిరిగి తిరిగి ఈ జల్లెడకి పట్టీసింది. జిగురుమీద దుమ్ము, దుమ్ముమీద జిగురు. గాలి దూరట్నేదు. గాలి దూరక, ఎండెక్కేసరికి యంత్రం ఉడికిపోతంది."

వరహాలరావు ముఖం కందగడ్డయింది. ఆయన జన్మలో ఎవరిమీదా అరిచి ఎరగడు, అందుకని అరవడం సరిగా రాక గొంతు కీచుమంది. "ఏటంటున్నావు నువ్వు? స్వామి ధూపం యంత్రాన్ని పాడుచేసిందా? కళ్ళు పోతాయి! ఇన్నాళ్ళూ ఈ మాత్రమైనా నడిచిందంటే ఆ ధూపం పుణ్యమే!"

"దేవుడికి పొగ మంచిదే సార్. ఫేనుకి మంచిది కాదు."

"నువ్వు ఊడ్చే పని చూసుకో!" అని, గిన్నె అక్కడే దించేసి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం క్యారేజీ కూడా విప్పలేదు. నీలవేణికి పౌరుషం వచ్చింది గాని, ఆయన ఆకలితో కూర్చోవడం చూసి జాలీ వచ్చింది. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేది, మంచివాడితోనే చిక్కు.

ఆ రాత్రి వరహాలరావు ఏం ఆలోచించాడో ఆయనకే ఎరుక. గురువారం పొద్దున్న వచ్చి, బూట్లు బయట విడిచి, రాక్ ముందు గచ్చుమీద బోర్లా పడుకున్నాడు. జల్లెడకు వేలు ఆనించాడు. వేలికి అంటుకున్నదాన్ని చాలాసేపు చూశాడు. లేచి, స్క్రూడ్రైవర్ నీలవేణి చేతికిచ్చి, ముఖం మాత్రం పటం వైపు తిప్పుకున్నాడు.

"సబ్బుతో కడుగుతావా?"

"సబ్బు వద్దు సార్. కుంకుడురసం మరిగించి తెచ్చినాను. జిడ్డు బేగి ఇడిసేత్తాది."

పొద్దున్నే వచ్చేటప్పుడే తెచ్చిందన్నమాట. ఆయన ఆ సంగతి గమనించాడు. తలుపు తెరిచిపెట్టి, కిటికీలు తెరిచి, రాక్ ముందు టేబుల్ ఫ్యాను పెట్టాడు. పెరట్లో నీలవేణి మూడు వాయిల్లో ఉతికింది. మొదటి వాయి నీళ్ళు కాఫీ డికాక్షన్‌లా దిగాయి. మూడో వాయికి జల్లెడ అసలు రంగు బయటపడింది, అది నల్లన కాదు, బూడిదరంగు. దాన్ని ఎండలో రాతిమీద పరిచి, మేకలు రాకుండా కాపలా కూర్చుంది. వరహాలరావు లోపల ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచాడు. పదకొండింటికి జల్లెడ బిగించి నీలవేణి చీపురు పైన పెట్టగానే పూత రివ్వున లేచి ఆఫీసరుగారి బట్టతల మీద వాలింది.

పన్నెండు దాటింది. రెండయింది. నాలుగయింది. ఎర్రదీపం వెలగలేదు. అంతసేపూ వరహాలరావు చేతులకు ఏం చేయాలో తోచక, నాలుగుసార్లు అగ్గిపెట్టె తీసి నాలుగుసార్లు జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం పదకొండింటికి లారీ వచ్చింది, వెనక జీపు వచ్చింది. హేమలత దిగింది. నలభై ఏళ్ళ మనిషి, కళ్ళద్దాలు, తక్కువ మాట. ఇద్దరు కూలీలు రెంచీలు తీసుకుని లోపలికి నడిచారు.

"నిన్నటినించి ఆగలేదు మేడం" అన్నాడు వరహాలరావు ఆదరాబాదరాగా.

"ఎందుకు ఆగలేదు?"

"గాలి... జల్లెడకు దుమ్ము పట్టింది మేడం. కడిగాం."

హేమలత బల్లమీది రిజిస్టరు తిప్పింది. "నెలనెలా దుమ్ము తీసినట్టు మీ సంతకాలే ఉన్నాయి. తీసిన దుమ్ము మళ్ళీ నెలలోపు ఇంత ఎక్కడినించి వస్తుంది? చూడండి, లోపమేమిటో తెలిస్తే యంత్రాన్ని ఇక్కడే ఉంచుతాను. తెలియకపోతే రేపు మళ్ళీ ఆగుతుంది. అసలు కారణం చెప్పండి."

వరహాలరావు అగ్గిపెట్టె ఉన్న జేబు తడిమాడు. ఇరవై ఏడేళ్ళ సర్వీసు, ఇద్దరు కూలీలు, లారీ డ్రైవరు, గుమ్మంలో మూగిన ఊరిజనం. ఇంతమంది ముందు దేవుడి పొగతో యంత్రాన్ని చంపబోయానని ఎలా చెప్పడం? హేమలత నిట్టూర్చి కూలీలకు సైగ చేసింది. రెంచీ మొదటి బోల్టుకు తగిలి టంగుమంది.

ఆ చప్పుడు నీలవేణి గుండెకే తగిలింది. ముందుకొచ్చి నిలబడింది. "నేనేనమ్మా. గుగ్గిలం మా అడివిది. నాకు తెలీక ఈ గదిలో పొగేసినాను. ఆ బంకే జల్లెడకి పట్టీసింది. నన్ను పన్లోంచి తీసీండి, యంత్రాన్ని ఉంచండి."

హేమలత ఆమెవైపు చూసింది, ఏదో రాసుకోవడానికి పెన్ను తీసింది.

"రాయకండి మేడం!" వరహాలరావు గొంతు ఈసారి కీచుమనలేదు. "ఆవిడ అబద్ధం చెబుతోంది. పొగ వేసింది నేను. శుక్రవారాలు వేసేవాణ్ణి, తర్వాత రోజూ వేశాను. ఇదే కారణమని ఆవిడ బుధవారమే చెప్పింది. నేను తిట్టాను. మీటరు అంకెలు చూసి కరెంటు కాదని తేల్చింది, చీపురు పెట్టి గాలి లేదని తేల్చింది, కడిగింది కూడా ఆవిడే. నేను చేసిందల్లా పొగ పెట్టడమే."

"రోజూ అంటే, ఒక పూటా?" అంది హేమలత.

"ఆఖరి వారం మూడు పూటలు, మేడం."

హేమలత పెదవులు బిగించింది. బిగించినా లాభం లేకపోయింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కళ్ళద్దాలు తీసి నవ్వింది. ఆ నవ్వు కూలీలకు పాకింది, గుమ్మంలో జనానికి పాకింది. చివరికి వరహాలరావు కూడా, కళ్ళనిండా నీళ్ళతో, నవ్వక తప్పింది కాదు.

నవ్వినంత మాత్రాన ఆవిడ నమ్మలేదు. రాక్ పైన థర్మామీటరు కట్టించి, కుర్చీ వేసుకుని నాలుగున్నర దాకా కూర్చుంది. నీలవేణి తెచ్చిన ఉడకబెట్టిన కందగడ్డలు తింటూ అరగంటకోసారి వేడి రాసుకుంది. ఎర్రదీపం వెలగలేదు. లేచి, "పటాన్ని వరండాలోకి మార్చండి. స్వామికీ గాలి తగులుతుంది" అని వరహాలరావుతో చెప్పి, నీలవేణి పేరు ఇంటిపేరుతో సహా అడిగి నోటుపుస్తకంలో రాసుకుంది. లారీ డ్రైవరు ఖాళీగా దిగడం ఇష్టంలేక అరకు సంతలో క్యాబేజీ ఎక్కించుకుని ఘాటీ దిగాడు.

జూన్లో వానలు పడ్డాక ఒకరోజు ఎక్స్ఛేంజి బల్లమీది ఫోను మోగింది. పన్నెండేళ్ళుగా ఆ ఫోనుకు వచ్చే పిలుపులన్నీ ఇంకెవరికో. ఆఫీసరుకు, లేకపోతే ఫోను లేని ఇళ్ళవాళ్ళకు. నీలవేణి చీపురు వదిలి ఎత్తింది.

"డొంకరాయి వైపు ఎక్స్ఛేంజి నుంచండీ. మా రాక్ వేడెక్కి ఆగిపోతోంది. హేమలత మేడం అడగమన్నారు. నీలవేణి గారున్నారా?"

"ఉండండి సార్, పిలుస్తాను" అంది నీలవేణి అలవాటుగా. రిసీవరు బల్లమీద పెట్టి, గుమ్మం దాకా పరుగెత్తింది.

గుమ్మంలో ఆగిపోయింది. వరండాలో వరహాలరావు పటం ముందు కూర్చుని ఆమెవైపే చూస్తున్నాడు, "ఎవరికి?" అన్నట్టు కనుబొమలెగరేశాడు. ఆ పిలుపు తనకేనని నీలవేణికి అప్పుడు తట్టింది. దుమ్ముచేతులు కొంగుకు తుడుచుకుని, వెనక్కి వచ్చి, రిసీవరు తీసి చెవికి ఆనించుకుంది.

"నేనేనండి" అంది. "ముందు సెప్పండి, మీటరు ముల్లు ఎక్కడుంది?"